చింపిచెవి మాట

చింపిచెవి గొంతుతో అబద్ధం చెప్పించడం ఈ మధ్య టేపక్కయ్య ఉద్యోగం. ఎవరైనా ఆ మాట మొహం మీద అంటే ఆమె ఒప్పుకునేది కాదు. "నేనేం చేశాను? మీట నొక్కమన్నారు, నొక్కాను," అనేది. కానీ ఆ పొద్దున కొండవాలులో, పొద వెనక మడతకుర్చీలో కూర్చుని మీట మీద వేలు పెట్టినప్పుడు, ఎవరూ అనకుండానే ఆ మాట ఆమెకే తోచింది.

చింపిచెవి ఒక ముసలి ఆడకోతి. ఎప్పుడో ఏ పోట్లాటలోనో దాని ఎడమచెవి సగం ఊడిపోయింది. పరిశోధనాలయం వెనక కొండ మీద బతికే మందలో దానికి పెద్ద హోదా ఏమీ లేదు గానీ, కాపలా కాయడంలో దాన్ని మించింది లేదు. కొండకి అవతల ఊరి చెత్తంతా పోసే పల్లం ఉంది. అక్కడ మరిగిన కుక్కలు అప్పుడప్పుడు కూలిపోయిన ప్రహరీ దాటి ఇటు వచ్చి కోతిపిల్లల్ని ఎత్తుకుపోతాయి. మిగతావన్నీ మేతలో పడి ఒళ్ళు మరిచినా, చింపిచెవి ఆ గోడ మీద కూర్చుని పల్లం వైపు చూస్తూనే ఉంటుంది. కుక్క కనపడగానే అరుస్తుంది.

కుక్కని చూసి అరిచే అరుపు అన్ని కోతులదీ ఒకటే. గొంతు మాత్రం దేనిది దానిదే. పక్కింటి ఆయన దగ్గుకీ మనింటి ఆయన దగ్గుకీ తేడా గోడ ఇవతల నుంచే తెలిసినట్టు, అరిచింది ఎవరో మందలో మిగతావాటికి చూడకుండానే తెలుస్తుంది. ఎవరో తెలిసినప్పుడు, ఆ గొంతుని బట్టి నమ్మడమూ మానడమూ కూడా ఉంటుందా? అది తేల్చడానికే ఈ పరిశోధన నడిపే మేడమ్ ఈ పని పెట్టుకుంది.

పనంతా దొంగతనంగా సాగాలి. చింపిచెవి మంద కళ్ళకి కనపడకుండా ఎటో వెళ్ళాలి. అది వెళ్ళిన వైపే, ఆకుపచ్చ గుడ్డ చుట్టిన స్పీకరుని పొదలో ముందే దాచి, తీగ మీద ఆకులు కప్పి ఉంచాలి. కుక్క లేని సమయం చూసి, ఎప్పుడో పట్టి ఉంచిన చింపిచెవి అరుపుని వదలాలి. ఎదురుగా పెట్టిన కెమెరా ఎన్ని తలలు తిరిగాయో, ఎంతసేపు తిరిగాయో పట్టుకుంటుంది. మొదట్లో ఆ అరుపు వినగానే మందంతా పిల్లల్ని చంకనేసుకుని చెట్లెక్కేది. ఎక్కి చూస్తే కుక్కా లేదు, పాడూ లేదు. రోజుకి కొన్నిసార్లు చొప్పున ఇన్ని వారాలు జరిగాక ఇప్పుడు సంగతి వేరు.

టేపక్కయ్య మీట నొక్కింది. స్పీకరులోంచి చింపిచెవి ప్రాణం పోతున్నట్టు అరిచింది. ఒక్క కోతీ తల ఎత్తలేదు. పేలు చూసుకుంటున్నవి పేలు చూసుకుంటూనే ఉన్నాయి.

మేడమ్ అవతలి పొద వెనక నుంచి వేళ్ళతో సైగ చేసింది. టేపక్కయ్య రెండోది నొక్కింది. ఇది బూడిదమొహం అనే మరో ఆడకోతి గొంతు, అదీ అప్పుడు మందలో లేదు. అదే అరుపు, అదే పొద. అంతే! మందంతా ఒక్క దూకున చెట్ల మీదికి పోయింది.

"చూశారా అక్కయ్యగారూ! మాట నమ్మకపోవడం కాదు, మనిషిని నమ్మకపోవడం!" అంది మేడమ్, కోతుల్ని మనుషులంటున్న సంగతి గమనించుకోకుండా. పాపం, ఆమె అంత హాయిగా నవ్వి చాలా రోజులైంది. వయసులో టేపక్కయ్య కంటే బాగా చిన్నదే అయినా కళ్ళ కింద నలుపు మాత్రం పెద్దదానిలా ఉంటుంది. పైవాళ్ళకి ఏదో ఒకటి చూపించకపోతే ఈ కొండ మీద పని మూసేస్తారని ఆమె బెంగ.

"చూశాను గానీ మేడమ్, ఈ కుర్చీ పట్టా చిరిగింది. నడుం పడిపోతోంది. చీమలు వేరే," అంది టేపక్కయ్య.

"ఊఁ," అంది మేడమ్ కెమెరాలోకి చూసుకుంటూ.

టేపక్కయ్యది అదో తీరు. పెద్ద చక్రాల టేపు మిషన్లు మోసుకు తిరిగే రోజుల్లో పనిలో చేరింది. టేపులు పోయాయి, పేరు మిగిలింది, సణుగుడు పెరిగింది. బ్యాటరీలు నిలబడటం లేదని, టీ నీళ్ళలా ఉందని, జీపు కుదుపులకి ఎముకలు లెక్క తప్పుతున్నాయని, ఎండ ఎక్కువైందని, ఎండ లేక తడి ఆరలేదని పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏదో ఒకటి అంటూనే ఉంటుంది. అన్నీ నిజాలే. ఒక్కటీ అబద్ధం కాదు. అదే వచ్చిన చిక్కు.

కాసేపటికి చింపిచెవి ఎటు నుంచో తిరిగొచ్చి గోడెక్కి కూర్చుంది. దాని వెనక ఏం జరిగిందో దానికేం తెలుసు? అబద్ధాలాడి మాట పోగొట్టుకున్నవాళ్ళని లోకం చాలామందిని చూసింది. నోరు విప్పకుండా మాట పోగొట్టుకున్నది బహుశా ఇదొక్కటే.

ఇందులో టేపక్కయ్యని గుచ్చే ముల్లు ఇంకోటి ఉంది. ఏ కోతి గొంతు వాడదామని మేడమ్ అడిగినప్పుడు చింపిచెవి పేరు చెప్పింది ఆమే. అది అందరికంటే ఎక్కువగా, ముందుగా అరుస్తుంది కాబట్టి దాని అరుపులే ఎక్కువగా, శుభ్రంగా దొరికాయి. బాగా కాపలా కాసినందుకు ముసలిదానికి దక్కిన బహుమానం అది.

"వచ్చేవారం నుంచి రెండో విడత," అంది మేడమ్ సామాను సర్దుతూ. "పిల్లల్ని దగ్గరికి పిలిచే పిలుపు ఉంది కదా, అదీ చింపిచెవి గొంతుతోనే వేద్దాం. ఒక విషయంలో నమ్మకం పోయిన గొంతు మిగతా వాటిలోనూ పోగొట్టుకుంటుందా అన్నది తేలాలి."

అవునని తేలితే ఇక అది దేనికి పిలిచినా ఎవరూ రారన్నమాట. టేపక్కయ్య ఏదో అనబోయి, కాళ్ళు పీకుతుంటే స్పీకరు ఎత్తుకుని జీపు వైపు నడిచింది.

ఇంటికొచ్చేసరికి లోపలి గదిలోంచి అత్తగారి పిలుపు మొదలై ఉంది.

"అమ్మాయ్... అమ్మాయ్..."

ఆ పిలుపుకి వేళాపాళా లేదు. ఫ్యాను పెంచమని, తగ్గించమని, తలుపు కొట్టింది ఎవరని, కొళాయి కారుతోందేమో చూడమని, మందు వేసుకున్నానా అని, వేసుకున్నానని. మోకాళ్ళు పట్టేసి మంచం దిగలేని మనిషికి ఇల్లంతా గొంతుతోనే తిరగాలి మరి. హాల్లో భర్త టీవీ చూస్తున్నాడు. ఆ పిలుపు అతని చెవుల దాకా వెళ్ళి, అక్కడ పని లేదని తిరిగొచ్చేస్తుంది.

"మీ అమ్మ పిలుస్తోంది," అంది టేపక్కయ్య.

"ఊఁ. ఎప్పుడూ ఉండేదేగా," అన్నాడు.

నిజమే, ఎప్పుడూ ఉండేదే. టేపక్కయ్య చెప్పులు విడిచి, మొహం కడుక్కుని, కుక్కరు పొయ్యి మీద పెట్టి, ఉల్లిపాయలు తరిగి, అప్పుడు వెళ్ళింది లోపలికి.

"ఏంటత్తయ్యా?"

"మర్చిపోయానే," అంది అత్తగారు చిన్నబుచ్చుకుని. "పిలిచినప్పుడు గుర్తుంది."

మర్నాడు మీట నొక్కే పని లేదు. ఊరికే కూర్చుని మందని చూసి రావాలి. మేడమ్ ఆఫీసులో ఉండిపోయింది. టేపక్కయ్యతో జీపు డ్రైవరు ఒక్కడే కొండెక్కాడు. నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉంటాడని అతన్ని అందరూ మౌనిబాబా అంటారు. కెమెరా స్టాండు భుజాన వేసుకుని ముందు నడిచాడు. దారిపొడుగునా ఆమె మాట్లాడింది, అతను దారి చూశాడు.

ఎండ చుర్రుమనే వేళకి మంద గోడకి ఇవతల ఖాళీలో చేరింది. పిల్లలు ఒకదాని తోక ఒకటి లాక్కుంటున్నాయి. చింపిచెవి గోడ మీద ఉంది. ఉన్నట్టుండి అది లేచి నిలబడి అరిచింది.

టేపక్కయ్య చెయ్యి అలవాటుగా మీట కోసం తడుముకుంది. మీట లేదు. స్పీకరు జీపులోనే ఉంది. ఇది అసలు గొంతు.

మంద కదల్లేదు. చింపిచెవి పల్లం వైపు చూసి అరిచింది, వెనక్కి తిరిగి మంద వైపు చూసింది. మళ్ళీ అరిచింది, మళ్ళీ చూసింది. గోడ మీంచి సగం దిగి, ఏం తోచక మళ్ళీ పైకెక్కి ఇంకా గట్టిగా అరిచింది. నోరంతా తెరిచి, పళ్ళు అరిగిపోయిన చిగుళ్ళు కనపడేలా అరిచింది. దానికి ఏం జరుగుతోందో అర్థం కావడం లేదు. ఇన్నాళ్ళూ తను అరిస్తే లేచిన వాళ్ళే, ఇవాళ తల కూడా ఎత్తరేం?

కూలిన చోటు నుంచి కుక్కలు వచ్చాయి. ముందున్న ఎర్రకుక్క చప్పుడు లేకుండా వచ్చి అంచున ఆడుకుంటున్న ఒక పిల్లని వెనక కాలు పట్టుకుని లాగింది.

తర్వాత టేపక్కయ్య ఏం చేసిందో ఆమెకే సరిగ్గా గుర్తులేదు. మడతకుర్చీ ఎత్తి పట్టుకుని, "ఛీ! పో! పోవే!" అని అరుస్తూ పొదలోంచి దూకింది. ఏళ్ళ తరబడి ఆ కోతుల ముందు గట్టిగా తుమ్మి ఎరగదు. కోతులు కుక్కల్ని చూసి కాదు, ఆమెని చూసి చెట్లెక్కాయి. మౌనిబాబా విసిరిన రాయి ఎర్రకుక్క పక్కలో తగిలింది. అది పిల్లని వదిలి పరుగెత్తింది. పిల్ల కీచుమంటూ మూడు కాళ్ళతో కుంటుకుంటూ పోయి తల్లి పొట్టకి కరుచుకుంది.

అంతా సద్దుమణిగాక కూడా చింపిచెవి గోడ మీదే ఉంది. ఇంకా అరుస్తోంది. గొంతు బొంగురుపోయింది. టేపక్కయ్య చిరిగిన కుర్చీ పట్టుకుని ఎండలో నిలబడి వింది. ఆమెకి సిగ్గేసింది. ఒక ముసలిదాని మాట ఊరందరి ముందూ తీసేసి, ఇప్పుడు నింపాదిగా నిలబడి చూస్తున్నట్టు అనిపించింది.

ఆఫీసుకి వెళ్ళేసరికి మేడమ్ కంప్యూటరు ముందు, గుమ్మానికి వీపు పెట్టి కూర్చుని ఉంది.

"మేడమ్, ఇవాళ నిజంగానే కుక్కలొచ్చాయి. చింపిచెవి అరిచింది. ఒక్కటీ లేవలేదు. పిల్లని పట్టేశాయి. ఇది ఆపేద్దాం మేడమ్."

"ఊఁ," అంది మేడమ్. "బ్యాటరీలు ఛార్జింగ్ పెట్టారా?"

"పెడతాను. రెండో విడత వద్దు మేడమ్. పాపం చుట్టుకుంటుంది."

"సరే, చూద్దాంలెండి."

మధ్యాహ్నం మళ్ళీ వెళ్ళింది. ఈసారి కొంచెం గట్టిగానే చెప్పింది. మేడమ్ తెర మీంచి చూపు తిప్పకుండానే నవ్వింది. ఆ నవ్వులో చెడు ఏమీ లేదు, అలసట ఉంది.

"అక్కయ్యగారూ, మీకు ఈ పనిలో నచ్చింది ఏదైనా ఉందా, చెప్పండి? కొత్త కుర్చీకి రాస్తానులెండి."

టేపక్కయ్య గుమ్మంలోనే నిలబడిపోయింది. మేడమ్ మెడ వెనక, జడలోంచి జారిన వెంట్రుకలు కనిపిస్తున్నాయి. ఆ తల తిరగలేదు. పొద్దునా తిరగలేదు, ఇప్పుడూ తిరగలేదు. తలలు ఎప్పుడు తిరుగుతాయో, ఎప్పుడు తిరగవో కనిపెట్టి చూడటం ఇన్ని వారాలుగా ఆమె చేస్తున్న పని. తిరగని తలని గుర్తుపట్టడానికి ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. కుర్చీ గురించి, చీమల గురించి, టీ గురించి తను అన్న మాటలన్నీ వరసగా గుర్తొచ్చాయి. నొక్కినవాళ్ళు ఎవరూ లేరు. తన మీట తనే నొక్కుకుంది.

సాయంత్రం జీపులో ఆమె చాలా దూరం ఏమీ మాట్లాడలేదు. మౌనిబాబాకి భయమేసినట్టుంది, రెండుసార్లు అద్దంలోంచి చూశాడు.

"రేపు నువ్వు చెప్పు మేడమ్‌కి," అంది చివరికి.

"నేనా?"

"నువ్వే. నేను చెప్పిందే చెప్పు. ఒక్క ముక్క కలపక్కర్లేదు."

"మీరు చెప్పారు కదక్కా."

"నేను చెబితే నా గొంతు వినపడుతోంది బాబూ, విషయం వినపడటం లేదు."

అతను దాని గురించి చాలాసేపు ఆలోచించాడు. రెండు మలుపులు దాటాక తలూపాడు.

మర్నాడు పొద్దున అతను మేడమ్ గది గుమ్మంలో టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. అతని వెనక బ్యాటరీల పెట్టెతో టేపక్కయ్య.

"మేడమ్," అన్నాడు.

అంతే. ఒక్క పిలుపుకే మేడమ్ కుర్చీ గిర్రున తిరిగింది. ఒక చక్రం పట్టేసి కిర్రుమంది కూడా.

"ఏంటి బాబా? ఏమైంది?"

"మొన్న... కాదు, నిన్న. కుక్కలొచ్చాయి మేడమ్. చింపిచెవి అరిచింది. ఎవరూ లేవలేదు. పిల్లని పట్టేశాయి. అక్క అడ్డం పడింది కాబట్టి బతికింది."

మేడమ్ లేచి నిలబడింది. మొహం పాలిపోయింది. "నిజంగా వచ్చినా లేవలేదా? నిన్న జరిగితే నాకెవరూ చెప్పలేదేం?"

బ్యాటరీల పెట్టె బరువుగా ఉంది. టేపక్కయ్య దాన్ని నేల మీద పెట్టింది. ఆమెకి నవ్వొచ్చినట్టూ ఉంది, ఏడుపొచ్చినట్టూ ఉంది.

"అక్క చెప్పింది మేడమ్," అన్నాడు మౌనిబాబా.

"చెప్పారా?" మేడమ్ ఆమె వైపు చూసింది.

"చెప్పాను. రెండుసార్లు."

ఎక్కువ చదువుకున్నదనో, తక్కువ చదువుకున్నదనో కాదు, మంచిది కాబట్టి మేడమ్ మొహం ఎర్రబడింది.

"చెప్పే ఉంటారు. నేను... వినలేదు," అంది. తర్వాత కళ్ళు నులుముకుంది. "రెండో విడత వద్దు. వెళ్ళి స్పీకరు తీసెయ్యండి. పైవాళ్ళకి ఏం చెప్పుకోవాలో నేను చూసుకుంటాను."

"మరి దాని మాట దానికి మళ్ళీ వస్తుందా మేడమ్?"

"తెలీదు అక్కయ్యగారూ. నమ్మకం ఎలా పోతుందో కొలిచాను గానీ..." మేడమ్ ఆగింది. "అది అరవడం మానకుండా ఉంటే, వస్తుందేమో."

కొండ మీద తీగలు చుట్టడానికి చాలాసేపు పట్టింది. ఆకుపచ్చ గుడ్డకి పురుగులు పట్టాయి. టేపక్కయ్య దాన్ని దులుపుతూ గోడ వైపు చూసింది. చింపిచెవి కూర్చుని ఉంది. మంద ఎప్పటిలాగే ఖాళీలో ఉంది. పల్లంలోంచి ఒక కుక్క గోడ వెంట నడుచుకుంటూ వచ్చింది. ముసలికోతి దాన్ని చూసింది. ఒకసారి వెనక్కి, మంద వైపు చూసింది.

'అరవకే తల్లీ, నీకెందుకు,' అనుకుంది టేపక్కయ్య. మరుక్షణం, 'కాదు కాదు, అరిచెయ్యి,' అనుకుంది.

చింపిచెవి అరిచింది. నిన్నటి బొంగురు ఇంకా పోలేదు.

మంద తల ఎత్తలేదు. కానీ మూడు కాళ్ళ మీద కుంటుతున్న ఆ పిల్ల ఒక్కటి, తల్లిని కూడా చూడకుండా, కనపడ్డ చెట్టు పట్టుకుని ఎక్కేసింది. కొమ్మ మీద ముడుచుకుని కూర్చుంది. కింద తల్లి కాసేపు చూసి, ఇదెక్కడి పిల్లరా బాబూ అన్నట్టు పళ్ళు నూరి, దాని వెనకే ఎక్కింది. కుక్క లోపలికి రాకుండానే దాని దారిన అది పోయింది. చింపిచెవి ఆ చెట్టు వైపు చూస్తూ ఉండిపోయింది.

టేపక్కయ్య మౌనిబాబా మోచెయ్యి పట్టుకుని ఊపింది. అతను కూడా చూశాడు.

ఆ సాయంత్రం ఇంట్లో పిలుపు వినపడలేదు. గుమ్మంలో చెప్పులు విడుస్తూ ఆమె ఒక్క క్షణం చెవి ఒగ్గింది. టీవీ మోగుతోంది. అత్తగారి గది నిశ్శబ్దంగా ఉంది.

టంగ్ టంగ్ టంగ్ మని మోగింది లోపల.

"ఏంటా చప్పుడు?" అని భర్త సోఫాలోంచి లేచి పరుగున వెళ్ళాడు. ఆమె అతని వెనకే వెళ్ళింది. అత్తగారు మంచం మీద కూర్చుని, ఒళ్ళో స్టీలు గ్లాసు బోర్లించి, చెంచాతో కొడుతోంది. కొడుకుని చూసి మొహం చాటంత చేసుకుంది.

"చూశావా, వచ్చేశావు! పొద్దున్న గ్లాసు కింద పడితే ఇద్దరూ పరుగెత్తుకొచ్చారు. అప్పుడే అనుకున్నా. నా గొంతుకి వచ్చేవాళ్ళు లేరు గానీ, దీనికైతే వస్తున్నారు. ఆ ఫ్యాను కాస్త తగ్గించు నాయనా."

భర్త నవ్వి, ఫ్యాను తగ్గించి, "భలేదానివమ్మా," అని టీవీ దగ్గరికి వెళ్ళిపోయాడు. అత్తగారు కూడా నవ్వుతోంది. తన తెలివికి తనే మురిసిపోతోంది.

టేపక్కయ్య మాత్రం మంచం అంచున కూలబడింది. నవ్వడానికి చూసింది, రాలేదు.

"ఆ గ్లాసు ఇలా ఇవ్వండత్తయ్యా."

"ఎందుకే? మంచినీళ్ళు తాగేది కాదు, పాతదే."

"ఇవ్వండి. గొంతుతోనే పిలవండి. నేనొస్తాను."

"వస్తావులే," అంది అత్తగారు. అలకగా అనలేదు. ఎండాకాలం కదా, వాన పడదులే అన్నట్టు అంది. అది విని టేపక్కయ్యకి కళ్ళు మండాయి.

గ్లాసూ చెంచా పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. పొయ్యి మీద ఏం పెట్టాలో కూడా తోచనంత అలసటగా ఉంది. "ఏవండీ, ఆ ఉల్లిపాయలు కాస్త అందుకోండి," అని కేక వేసింది. జవాబు లేదు. గుమ్మంలోంచి తొంగి చూసింది. తల తిరగలేదు. "ఏవండీ!" అంది మళ్ళీ. ఊహూఁ.

చేతిలో గ్లాసు ఉంది. చెంచా ఉంది. ఆమె రెండింటినీ కాసేపు చూసింది. తర్వాత గ్లాసుని గట్టు మీద బోర్లించి, చెంచాని సొరుగులో పడేసి, ఉల్లిపాయలు తనే తెచ్చుకుంది.

సగం పాయ తరిగిందో లేదో, లోపల నుంచి వచ్చింది. గట్టిగా కాదు, మొహమాటంగా.

"అమ్మాయ్."

కత్తి కింద పెట్టి, చెయ్యి కొంగుకి తుడుచుకుంటూ వెంటనే వెళ్ళింది.

"ఏంటత్తయ్యా?"

అత్తగారు కాస్త గాభరా పడింది. "ఏం లేదే. వస్తావో రావో చూద్దామని."

మొదటి పిలుపే ఉత్తిది! టేపక్కయ్యకి నోటిదాకా ఏదో వచ్చింది. రోజంతా కొండలెక్కి దిగిన మోకాళ్ళు కూడా తమ వంతు ఏదో అన్నాయి. ఆమె దిండు సరిచేసి, "వచ్చాగా," అని వెనక్కి తిరిగింది.

వంటింటి గడప దాటకముందే మళ్ళీ వినపడింది.

"అమ్మాయ్."

ఆమె వెనక్కి నడిచింది.